పురపాలకసభయు, ఊరి పూర్వసంపదయు

పురపాలకసభా సభ్యత్వ మనగా వీథిదీపములు, మురుగుకాలువలు, కుళాయినీరు, ఇంతకు మించిన కార్యము లేదని మనవారిలో ననేకులు తలంచుచున్నారు. శాసనసభకు పోవువాడు నాయకుడనియు, పురపాలకసభకు పోవువాడు మేస్త్రీ వంటివాడనియు నొక భావము మన దేశమున పాతుకొనిపోయినది. ఈ భావము సరియైనది కాదు. ఊరు ఏ దిక్కునకు పెరుగవలెను, ఏ చెరువు మిగులవలెను, ఏ కొండ నిలువవలెను, ఏ వీథి ఎంత వెడల్పు కావలెను అను ప్రశ్నలలో ఊరివారి మాట చెల్లుబడి కాగల స్థానము ఆ సభయే. కావున ఆమదాలవలసలో ఎవరైన పౌరుడు, "పట్టణము పెరుగుటను అదుపులో నుంచెదను, పూర్వసంపదను కాపాడెదను" అను వాగ్దానముతో అభ్యర్థిగా నిలువదలచినయెడల, అతడు చిన్న పనికి పూనుకొన్నాడని యెవరును చులకన చేయరాదు. అట్టి అభ్యర్థిత్వము ఏల యవసరమో, ఓటరు దానిని ఏ తూనికరాయితో తూచవలెనో విన్నవించుటయే మా యుద్దేశము.

ఆమదాలవలస రైలుమార్గము పెంచిన యూరు. 1893 - 1896 సంవత్సరముల మధ్య బెజవాడ మొదలు కటకమువరకు తూర్పుతీరపు ఇనుపదారి పడెను. ఆ దారి శ్రీకాకుళ పట్టణములోనికి పోలేదు. ఈ యూరిమీదుగా పోయినది. నేటికిని ఇచటి స్టేషనునకు శ్రీకాకుళం రోడ్ అనియే పేరు. అరసవిల్లి సూర్యనారాయణుని, శ్రీకూర్మనాథుని, ముఖలింగేశ్వరుని సేవింపవచ్చు యాత్రికులలో ననేకులు తొలుత అడుగిడునది ఆమదాలవలస గడ్డపైననే. శ్రీకాకుళము ఒక యడుగు వేసిన నిచట దాని చప్పుడు వినబడును. పట్టణపు ఒత్తిడి, భూముల ధరల యుబుకు, లే అవుటు రాళ్ల వరుసలు, ఇవి యన్నియు రెండూళ్ల నడుమనున్న పొలములలో నెట్లు కనబడుచున్నవో ఆ బాటను పోవువారందరు నెరుగుదురు.

పూర్వసంపద యన్నంతనే మనవారికి గుడిగోపురములే మనసునకు వచ్చును. ఆమదాలవలస చుట్టునున్న పూర్వసంపద అంతకంటె విశాలమైనది. సమీపమున సరుబుజ్జిలి ప్రాంతమున దంతవరపుకోట మట్టికోటగోడలు కలవు. బౌద్ధవాఙ్మయమున కళింగులకు రాజధానిగా పేర్కొనబడిన దంతపురము ఇదియే యని కొందరు పండితులు నిర్ణయించిరి. ఇతరులు వేరు స్థలములు చెప్పుదురు. పండితుల వాదము తీరినను తీరకున్నను ఆ మట్టిలో మన చరిత్ర యున్నదను మాట నిర్వివాదము. ఊరికి చేరువనున్న సంగమయ్య కొండ సంక్రాంతి దినములలో జనసమ్మర్దముతో నిండును. నాగావళి యున్నది. గెడ్డలు, బందలు, చెరువులు ఉన్నవి. పొందూరున వాలుగచేప దవడతో దూదిని దువ్వి, సన్ననూలు వడకి, గాంధీమహాత్ముని మెప్పు బడసిన ఖద్దరును నేయు చేతుల నేర్పు ఉన్నది. ఇది యంతయు పూర్వసంపదయే. శిల్పము చెడిన శిల్పమునకు మాత్రమే నష్టము. చెరువు పూడిన ఊరి కంతటికి నష్టము.

ఈ మాట అతిశయోక్తి కాదు. 2018 అక్టోబరు 11 వ తేదీన తిత్లీ తుపాను ఈ జిల్లాతీరమును తాకినప్పుడు వంశధారా నాగావళులు పొంగి పొలములను ముంచెత్తినవి. అంతకు నాలుగేండ్ల పూర్వము, 2014 అక్టోబరు 12 వ తేదీన, హుద్‌హుద్ తుపాను విశాఖను విరుచుకొనెను. తుపానులను ఆపుట మన చేతిలో లేదు. వాననీటికి చోటు మిగుల్చుట మన చేతిలో నున్నది. మన పూర్వులు త్రవ్విన చెరువులును, వదలిన గెడ్డలును ఆ నీటిని నిలుపు గిన్నెలు, దాటించు దారులు. ఆ గిన్నెను మట్టితో నింపి, దానిపై ఇల్లు కట్టి, పిమ్మట ఇంటిలోనికి నీరు వచ్చెనని ప్రభుత్వమును దూషించుట వివేకము గాదు. 2011 సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము పంజాబు రాష్ట్రపు గ్రామపు చెరువు వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగింపవలెనని రాష్ట్రములన్నింటికి నాదేశించెను. తీర్పు వచ్చి యేండ్లు గడచినవి. తీర్పును ఊరిలో నమలు జరిపించుటకు ఊరివాడే కావలెను.

ఇరుగుపొరుగున ఏమి జరిగెనో చూడుడు. విజయనగరమున మూడు లాంతర్ల స్తంభము ఆ పట్టణమునకు గుర్తు. 2020 మే నెలలో కూడలిని బాగుచేయు పేరిట దానిని కూల్చిరి. పౌరులు నొచ్చుకొనిరి, పెద్దలు నిరసించిరి. విశాఖకు చేరువ భీమునిపట్టణపు దారిలోనున్న ఎర్రమట్టి దిబ్బలు ప్రకృతి వేలయేండ్లుగా పేర్చిన భూగర్భవిశేషము. 2024 జూలైలో అచట భూమిని చదును చేయు పనులు సాగగా, ఆందోళన రేగిన పిమ్మట అవి యాగినవి. ఈ రెండింటను ఒకే పాఠ మున్నది. పార పడిన తరువాత చేయు నిరసనకు ఫలము సగమే. పార పడకమునుపు అడుగుటకు హక్కు గలవాడు సభలో కూర్చుండిన సభ్యుడు.

ఇట్లడుగుటకు అధికారము కలదా యని సందేహించువారికి రాజ్యాంగమే సమాధానము. 1992 నాటి డెబ్బదినాలుగవ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ సవరణ చేర్చిన పండ్రెండవ షెడ్యూలున పురపాలకసంస్థలకు ఒప్పగింపదగిన 18 విషయములు లెక్కింపబడినవి. పట్టణ ప్రణాళిక మొదటిది. భూవినియోగమును, కట్టడములను నియంత్రించుట రెండవది. ఉద్యానములు, ఆటస్థలములు, సాంస్కృతికాభివృద్ధి అందు చేరియే యున్నవి. కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న ప్రాచీన కట్టడముల చుట్టు నూరు మీటర్లవరకు కొత్త నిర్మాణము నిషిద్ధమని, మరి రెండువందల మీటర్లవరకు అనుమతితోనే కట్టవలెనని 2010 నాటి సవరణశాసనము చెప్పుచున్నది. కాని ఊరి చెరువునకు, పాత వీథి అరుగులకు, సత్రములకు, మర్రిచెట్టునకు ఆ శాసనము రక్ష కాదు. వానికి రక్ష ఊరి సభయే.

ఇచట నొక చిక్కును దాచరాదు. రాజ్యాంగము "ఒప్పగింపవచ్చును" అన్నదే గాని ఒప్పగించితీరవలె నని గట్టిగా బిగింపలేదు. ప్రణాళికాధికారమున అధికభాగము ప్రభుత్వము నియమించిన పట్టణాభివృద్ధి సంస్థల చేతికి పోయినది. కావున సభ్యుడైనంతనే సర్వము తన చేతిలోనికి వచ్చునని చెప్పు అభ్యర్థి యెరుగక చెప్పుచున్నాడు, లేదా ఎరిగి మోసగించుచున్నాడు. ఐనను ముసాయిదా ప్రణాళికకు ఆక్షేపణలు తెలుపుటకును, సభలో తీర్మానము చేసి పై సంస్థలకు పంపుటకును, పురపాలక బడ్జెటును ప్రశ్నించుటకును సభకు గల హక్కు సామాన్యమైనది కాదు. ఆక్షేపణ తెలుపుటకు గడువున్నదని ప్రజలకు తెలియకయే ప్రణాళికలు ఖాయమగుట మన దేశమున సాధారణము. గడువునకు ముందు వాడవాడల చాటింపు వేయించు సభ్యు డొక్కడున్నను ఎంతో మేలు.

సభయే లేకున్న ఈ మాట లన్నియు గాలిమూటలు. ఆమదాలవలస పురపాలకసంఘమునకు 2014 సంవత్సరమున జరిగిన ఎన్నికలలో నేర్పడిన సభ గడువు 2019 లో తీరెను. 2021 మార్చిలో రాష్ట్రమున 75 పురపాలక, నగరపంచాయతీలకును 12 నగరపాలక సంస్థలకును ఎన్నికలు జరిగినప్పుడు ఆమదాలవలస వానిలో లేదు. గడువు తీరకమునుపే ఎన్నిక జరుపవలెనని రాజ్యాంగపు 243 యు అధికరణము విధించుచున్నది. అధికారి యెంత సమర్థుడైనను బదిలీమీద పోవువాడు. పౌరుడు పోవువాడు కాడు. అధికారికి ఊరు ఒక ఉద్యోగము, పౌరునకు ఊరు ఇల్లు. 1882 లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానమును వెలువరించినప్పుడు సైతము, పరిపాలనాసౌలభ్యముకంటె ప్రజలకు రాజకీయశిక్షణము లభించుటయే ముఖ్యమని చెప్పెను. పరప్రభుత్వపు ప్రతినిధి గుర్తించిన సత్యమును స్వరాజ్యములో మనము మరచుట శోచనీయము.

మన జాతీయోద్యమనాయకులు ఈ సత్యమును మరువలేదు. రాజగోపాలాచారి 1917 నుండి సేలమునకును, నెహ్రూ 1923 నుండి అలహాబాదునకును, వల్లభభాయి పటేలు 1924 నుండి అహమ్మదాబాదునకును పురపాలకాధ్యక్షులుగా పనిచేసిరి. మన ప్రకాశము పంతులు రాజమహేంద్రవర పురపాలకసంఘమున కధ్యక్షు డయ్యెను. దేశమును నడపదలచినవారు మొదట ఊరి మురుగును, ఊరి నీటిని చేపట్టిరి. అది వారి పెద్దరికమునకు లోపము కాలేదు.

పూర్వసంపదను గూర్చి మాటాడుట కడుపు నిండినవారి వినోద మని యొక యాక్షేపణ గలదు. దీనిని మేము తేలికగా త్రోసిపుచ్చము. ఇల్లులేని బీదవానికి గుంటలోనైనను జాగా దొరకిన చాలునని తోచుటలో తప్పేమి? పని లేక చెన్నపట్టణమునకు, హైదరాబాదునకు రైలెక్కు యువకునికి మట్టికోటగోడ ఏమి పెట్టును? ఆమదాలవలసవారికి ఈ బాధ చెప్పి తెలుపవలసిన పని లేదు. రైతులు వాటాలు పెట్టి నిలిపిన సహకార చక్కెర కర్మాగారము మూతపడి యేండ్లు గడచినవి. ఎన్నిక వచ్చినప్పుడెల్ల దానిని తెరిపింతుమను వాగ్దానము వినవచ్చుచునే యున్నది. చెరకుబండ్లు వరుసలు దీరిన బాటను చూచి నిట్టూర్చు ముసలిరైతునకు పూర్వసంపద అనగా ఆ కర్మాగారపు పొగగొట్టమే.

ఐనను ఈ యాక్షేపణము పరిశీలించినకొలది మా పక్షమునకే బలము చేకూర్చుచున్నది. చెరువుగర్భమున బీదవానికి జాగా చూపువాడు బీదవానికి మేలు చేయుటలేదు. తొలివరదకు మునుగునది ఆ గుడిసెయే. మిట్టభూమిలో జాగా ఇప్పింపుమని అడుగుట బీదవాని హక్కు, ఇప్పించుట సభ విధి. పనికి సంపదకు పగ లేదు; పొందూరు ఖద్దరు పూర్వసంపదయు, జీవనాధారమును గూడ. చక్కెర కర్మాగారపు భూమి యెవరి చెమటతో కూడినదో వారి యూరికి అది ఏ విధముగా నుపయోగపడవలెనో బహిరంగముగా చర్చింపబడవలెను. మూసిన తలుపులవెనుక ప్లాట్లు కాగూడదు. మేము అభివృద్ధిని వలదనుటలేదు. రోడ్డు కావలెను, వంతెన కావలెను, ఆసుపత్రి కావలెను. పగ్గము లేని యెద్దు బండిని లాగదు, బోల్తా కొట్టించును. అభివృద్ధికి పగ్గము కోరుట అభివృద్ధిని ద్వేషించుట కాదు.

ప్రపంచమున నిట్టి పాఠమును నష్టపోయి నేర్చుకొన్న పట్టణములు పెక్కు గలవు. న్యూయార్కు నగరము 1963 లో తన గొప్ప పెన్సిల్వేనియా రైలుస్టేషనును పడగొట్టుట మొదలిడి, పౌరులు దుఃఖించిన పిమ్మట 1965 లో పురాతన కట్టడముల రక్షణశాసనము చేసికొనెను. స్టేషను మాత్రము తిరిగి రాలేదు. హైదరాబాదున ఇర్రం మంజిల్ భవనమును కూల్చి శాసనసభాభవనమును కట్టవలెనను నిర్ణయమును 2019 సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. ఆ భవనము దక్కినది. ఒకచోట శాసనము ఆలస్యముగా వచ్చినది, ఒకచోట న్యాయస్థానము వేళకు వచ్చినది. ప్రతి చెరువుకొరకును న్యాయస్థానమునకు పోగల శక్తి ఆమదాలవలస వంటి యూరికి లేదు. ఆ పని మొదటనే సభలో జరుగవలెను.

కావున ఓటరు మహాశయులకు మా విన్నప మిది. పూర్వసంపదను కాపాడెదనని యెవడైన మీ వాకిట నిలిచినప్పుడు చప్పట్లు కొట్టకుడు, ప్రశ్నింపుడు. అయ్యా, మన వార్డులోని చెరువుల, బందల, గెడ్డల హద్దులను సర్వే చేయించి, ఆ పటమును కార్యాలయపు గోడకు తగిలింపగలవా? ఊరిలో కాపాడదగిన కట్టడముల, చెట్ల, స్థలముల పట్టికను ఏడాదిలోగా సభచేత అంగీకరింపజేయుదువా? ప్రణాళిక ముసాయిదాను తెలుగులో అచ్చువేయించి, ఆక్షేపణల గడువునకు ముందు వార్డుసభలో చదివింతువా? నీకును, నీ బంధువులకును ఊరి చుట్టు ఎంత భూమి గలదో ముందుగా ప్రకటింతువా? ఈ కడపటి ప్రశ్న ముఖ్యమైనది. చెరువును కాపాడెదనని చెప్పి చెరువుగట్టున లే అవుటు వేయువాడు కంచెయే చేనును మేసిన చందము. జవాబు తడబడినయెడల, అతడు ఏ పార్టీవాడైనను, ఏ కులమువాడైనను, మీ మేనమామ కొడుకే యైనను ఓటు ఇయ్యకుడు.

ఇట్టి అభ్యర్థి గెలుచునా యని కొందరు శంకింతురు. డబ్బు పంచువాడే గెలుచు కాలమని నిట్టూర్తురు. ఆ నిట్టూర్పే డబ్బు పంచువానికి పెట్టుబడి. ఓడినను అట్టి అభ్యర్థి వృథాగా ఓడడు. చెరువు హద్దు ఏదను ప్రశ్నను ఊరిలో నాటి పోవును. గెలిచినవాడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పించుకొనలేడు. నాగావళి నిన్నటిది కాదు, రేపటికి మాత్రమే చెందినది కాదు. మనకు మన తాతలు నీరున్న యూరిని అప్పగించిరి. మన మనుమలకు ఏ యూరిని అప్పగింపవలెనో తేల్చు అధికారము ఒకనాడు ఓటుపెట్టె ముందు మన చేతికి వచ్చును. ఆనాడు ఆమదాలవలస పౌరులు ఏమరుపాటు చెందరని ఆశించుచున్నాము.