శరీరం తెలియకుండా వ్యాయామం నేర్పవచ్చా?

పెద్ద నగరాల్లో 'పిలాటిస్' అనే వ్యాయామం నేర్పే కేంద్రాలు మీరు చూసే ఉంటారు. శిక్షకులుగా తయారుచేస్తామనే ప్రకటనలూ వస్తుంటాయి. చదువు మధ్యలో ఆగిపోయి, ఏదైనా వృత్తి చేపట్టాలనుకునే మీలో కొందరిని అవి ఆకర్షించవచ్చు. వృత్తి మంచిదే. అయితే శరీర నిర్మాణ శాస్త్రం నేర్చుకోకుండా అందులో దిగకూడదని నా అభిప్రాయం.

ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో నిర్బంధంలో గడిపి, తరువాత న్యూయార్క్ చేరి వ్యాయామశాల నడిపాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు 'కంట్రాలజీ'. 1945లో వెలువడిన పుస్తకంలో చాప మీద చేసే 34 వ్యాయామాలను వివరించాడు. 1967లో మరణించాడు. ఆయన శిష్యులు తలా ఒక తీరున నేర్పుతూ వచ్చారు. 'పిలాటిస్' అనేది వ్యాయామ పద్ధతి పేరే తప్ప ఏ ఒక్కరి సొత్తూ కాదని 2000లో అమెరికా న్యాయస్థానం ఒకటి తీర్పు చెప్పింది. తీర్పు సబబే. కాని చిక్కు ఒకటి మిగిలింది. వారాంతంలో ముగిసే శిక్షణకూ, ఏడాది సాగే శిక్షణకూ చివర ఇచ్చే కాగితం మీద అదే పేరు ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వెల్లకిలా పడుకొని, చేతులు చాచి, వెన్నుపూసలను ఒక్కొక్కటిగా చాప మీది నుంచి లేపుతూ కూర్చోవాలి. దీన్ని 'రోల్ అప్' అంటారు. మెడలో 7, వీపులో 12, నడుములో 5, మొత్తం 24 పూసలు విడివిడిగా కదులుతాయి. ముందుకు వంగినప్పుడు పూసల ముందుభాగం మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడికి అది లెక్కలోది కాదు. ముట్లుడిగిన తరువాత ఎముకలు గుల్లబారిన స్త్రీకి మాత్రం పూస నొక్కుకుపోయి విరగవచ్చు. తనకు ఆ జబ్బు ఉన్నట్టు ఆమెకే తెలియకపోవచ్చు, ఎందుకంటే ఎముక విరిగేదాకా అది సాధారణంగా నొప్పి చూపదు. ముందుగా ఆమెను అడగవలసింది శిక్షకురాలే. ఏమి అడగాలో తెలియాలంటే పూస ఎలా ఉంటుందో తెలియాలి.

"పొట్ట బిగించండి" అని అందరూ అంటారు. ఏ పొర బిగియాలి? పొట్టగోడలో అన్నిటికన్నా లోపల, నడుము చుట్టూ పట్టీలా అడ్డంగా ఉండే కండరం ఒకటుంది. అది తెలియనివారు చెబితే నేర్చుకునేవారు ఊపిరి బిగబట్టి, పొట్ట ముందుకు ఉబ్బించి, అదే సరైనదనుకుంటారు.

తాలింఖానాలో ఉస్తాదులు శాస్త్రం చదివారా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఉస్తాదు ఒకే కుర్రవాణ్ణి ఏళ్ల తరబడి రోజూ చూసేవాడు. ఇవాళ్టి శిక్షకురాలి ముందు వారానికి రెండు గంటలు కొత్త ముఖాలు కూర్చుంటాయి. ఒకరికి కాన్పయి మూడు నెలలు, మరొకరికి మెడనొప్పి, ఇంకొకరికి అరవై ఏళ్లు.

స్వయంగా చదువుకోమనే పుస్తకంలో ఈ మాట రాయడం వింతగా తోచవచ్చు, కాని ఈ విద్య పుస్తకంతో పూర్తి కాదు. ఎముకల పేర్లు ఇంట్లో నేర్చుకోండి. రుసుము కట్టే ముందు మాత్రం, వేర్వేరు వయసులవారికి మీరు నేర్పుతుండగా అనుభవజ్ఞులు పక్కన నిలబడి ఎన్ని గంటలు సరిదిద్దుతారో అడగండి. జవాబు తడబడితే డబ్బు తీయకండి.