కోటలు దక్కినవి, పలుకు దక్కునా?

ఐరోపా యాత్ర చేసి వచ్చిన మనవారు తరచుగా ఒక మాట చెప్పుచుందురు. ఫ్రాన్సు పల్లెపట్టులలో కారుమీద పోవుచుండగా ప్రతి గుట్టమీదను ఒక కోటయో, ఒక మధ్యయుగపు పట్టణమో కనబడుననియు, ఎనిమిది వందల ఏండ్లనాటి గోడలు చెక్కు చెదరక నిలిచియున్నవనియు, ప్రాచీనతయందు వారికి గల గౌరవము మనకు లేదనియు ఆ మాటల సారాంశము. ఇందు సత్యము లేకపోలేదు. మన దుర్గముల బురుజులపై మొలచిన రావిచెట్లను చూచినవారు ఈ విమర్శను కాదనజాలరు. అయినను ఇది సగము సత్యము మాత్రమే యని మా యభిప్రాయము. మిగిలిన సగమును ఆలోచింపవలసిన అవసరము, అన్యభాషా రాష్ట్రములలో తరతరములుగా నివసించుచున్న మనకు ఇతరులకంటె ఎక్కువగా కలదు.

యాత్రికులు మిక్కిలి మెచ్చుకొను దక్షిణ ఫ్రాన్సు మార్గము నొకదానిని ఉదాహరణముగా గైకొందము. తులూజ్ నగరమునుండి ఈశాన్యముగా సుమారు 75 కిలోమీటర్లు పోయినచో తార్న్ నది యొడ్డున ఆల్బీ పట్టణము వచ్చును. అచ్చటి సెంట్ సెసిలియా దేవాలయమును 1282లో కట్ట మొదలిడిరి. ఎర్రని ఇటుకలతో, ఎత్తయిన మొండిగోడలతో అది దూరమునకు దుర్గమువలెనే తోచును. అచ్చటినుండి మరి 25 కిలోమీటర్ల దూరమున కోర్ద్ కలదు. తులూజ్ ప్రభువైన ఏడవ రేమండ్ 1222లో గుట్టపై నెలకొల్పిన ఊరది. తులూజ్‌కు ఆగ్నేయముగా సుమారు 90 కిలోమీటర్లు పోయినచో కార్కసోన్ కోట. రెండు వరుసల ప్రాకారములు, 52 బురుజులు, మొత్తము మీద మూడు కిలోమీటర్ల గోడ! ఇంకను దక్షిణమునకు, పిరనీస్ పర్వతముల దిక్కుగా పోయినచో, కొండకొమ్మున మోంసెగూర్ దుర్గము కానవచ్చును.

ఈ గోడలను చూచి ఆనందించు యాత్రికుడు సాధారణముగా అడుగని ప్రశ్న యొకటి కలదు. ఈ కోటలలో కాపురమున్నవారు ఏ భాష మాటలాడిరి? ఫ్రెంచి యని అతడనుకొనును. కాదు. వారి భాష ఓక్సితాన్. మనము 'అవును' అను చోట వారు 'ఓక్' అందురు. దానినుండియే భాషకా పేరు వచ్చినది. త్రూబదూరు కవులు 12వ శతాబ్దమున ప్రేమగీతములు పాడి ఐరోపా యంతటికిని కవితామార్గము చూపినది ఈ భాషలోనే. ఇటలీ మహాకవి దాంతే తన కావ్యమున ఆర్నో దానియేల్ అను త్రూబదూరు చేత ఈ భాషలోనే మాటలాడించెను.

1209లో, మతభ్రష్టులను శిక్షించు నెపమున, ఉత్తరాది సేనలు ఈ దేశముపై పడినవి. ఆ యేడే బెజియే పట్టణమున ఘోరమైన ఊచకోత జరిగినది, కార్కసోన్ లొంగిపోయినది. 1229 నాటి సంధితో తులూజ్ ప్రభువుల స్వాతంత్ర్యము అంతరించినది. 1244లో మోంసెగూర్ పతనమైనపుడు మతము విడువనొల్లని రెండువందల మందికి పైగా అగ్నికి ఆహుతియైరి. ఆల్బీ దేవాలయము దుర్గమువలె ఎందులకున్నదో, కోర్ద్ ఊరు గుట్టయెక్కి ఎందులకు కూర్చున్నదో ఈ చరిత్ర తెలిసినవారికి బోధపడును.

అయితే పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి వేరొకటి. అంతటి యుద్ధమును భాషను చంపలేదు. రాజ్యము పోయిన తరువాతనే, 1323లో, తులూజ్ నగరమున ఏడుగురు పెద్దలు కవిగోష్ఠి నొకదానిని స్థాపించి, ఓక్సితాన్ కవితకు బంగారుపువ్వును బహుమానముగా నిచ్చిరి. భాషకు దెబ్బ తగిలినది కత్తివలన గాదు, కాగితమువలన. 1539లో ఫ్రాన్సిస్ రాజు విల్లేర్-కోత్రే కోటలో చేసిన శాసనమువలన కోర్టు వ్యవహారము లన్నియు ఫ్రెంచిలోనే జరుగవలసివచ్చెను. 1694లో పదునాలుగవ లూయీ ఆ తులూజ్ కవిగోష్ఠిని అకాడమీగా మార్చగా అందు ఫ్రెంచికే పీట దక్కినది. విప్లవకాలమున, 1794లో, గ్రెగ్వార్ అను ప్రతినిధి, అరువది లక్షల మంది ఫ్రెంచి ప్రజలకు జాతీయభాష రాదని చెప్పి, ప్రాంతీయ భాషలను నిర్మూలింపవలెనని సభకు నివేదించెను. 1881, 1882 సంవత్సరముల చట్టములతో చదువు ఉచితమై నిర్బంధమైనది. ఆ చదువు ఫ్రెంచిలో మాత్రమే. బడిలో ఇంటిభాష పలికిన పిల్లవాని మెడలో కొయ్యముక్కయో మరియొక గుర్తో వ్రేలాడదీయుట పెక్కుచోట్ల ఆచారమయ్యెను. అది తొలగవలెనన్నచో, అదే నేరము చేసిన మరియొక పిల్లవానిని అతడు పట్టియియ్యవలెను! ఆ తరము పెద్దదై తన బిడ్డలతో ఆ భాష మాటలాడుటకు సిగ్గుపడినది. సిగ్గు అను నర్థముగల 'వెర్గొన్య' యను మాటతోనే ఓక్సితానులు నేటికిని ఆ కాలమును స్మరింతురు.

ఇక కోటల సంగతి చూడుడు. అదే 19వ శతాబ్దమున, అదే ప్రభుత్వము, 1834లో రచయిత ప్రోస్పర్ మెరిమేను చారిత్రక కట్టడముల తనిఖీ అధికారిగా నియమించినది. కార్కసోన్ ప్రాకారములను పడగొట్టించుటకు నిశ్చయము జరుగగా స్థానికులును మెరిమేయు ప్రతిఘటించిరి. 1853 నుండి వియొలే-ల్-దుక్ అను శిల్పి వానిని పునరుద్ధరింప మొదలిడెను. ఒక చేతితో గోడను నిలబెట్టిన ప్రభుత్వమే మరియొక చేతితో ఆ గోడల నడుమ పలికిన పలుకును తుడిచివేయుచుండెను. పెక్కు బురుజులకు ఆ శిల్పి ఉత్తరాది వాడుకగు పలకరాతి కోసుకప్పులు పెట్టించెనని విమర్శకులు నాడే ఆక్షేపించిరి. దక్షిణాది కోట తలపైనను ఉత్తరాది టోపీయే!

1539 శాసనమునకు జన్మస్థానమైన విల్లేర్-కోత్రే కోటను సయితము బాగుచేసి 2023లో ఫ్రెంచిభాషా భవనముగా తెరచిరి. ఓక్సితాను స్థితి యేమి? మిస్త్రాల్ కవికి 1904లో నోబెల్ బహుమానము లభించినది. 1951 చట్టము ఆ భాషను బడిలో ఐచ్ఛికముగా బోధించుట కనుమతించినది. 2008లో ప్రాంతీయ భాషలు ఫ్రాన్సు వారసత్వ సంపదయని రాజ్యాంగమున వ్రాసికొనిరి. కాని 2021లో పాఠములన్నియు ప్రాంతీయ భాషలోనే చెప్పు పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని రాజ్యాంగమండలి తీర్పు చెప్పినది. నేడు దక్షిణమున పెక్కు ఊళ్ళ పొలిమేరలలో ఊరిపేరు రెండు భాషలలో కనబడును. తులూజ్ మెట్రోలో స్టేషన్ల పేర్లు రెండు భాషలలో వినబడును. అయితే ఊరిలో ఓక్సితాన్‌లో పలుకరించినచో బదులు చెప్పువారు అరుదు. యునెస్కో వారు దానిని అంతరించు ప్రమాదముగల భాషలలో చేర్చిరి.

ఒకే భాష యుండుటచేతనే ఫ్రాన్సు దేశము ఏకమై వర్ధిల్లినదనియు, పేదబిడ్డకు ఉద్యోగము దొరికినదనియు వాదించువారు కలరు. ఉమ్మడిభాష నేర్పుట మేలేయని మేమును ఒప్పుకొందుము. కాని ఒకటి నేర్పుటకు మరియొకదానిని మరపింపవలెనను నియమ మెక్కడిది? తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ చక్కగా నేర్చి, ఇంట తెలుగు పలుకు కుటుంబములు మన నడుమ లెక్కకు మిక్కిలిగా లేవా? ఫ్రెంచివారి ఏలుబడి 1954 వరకు సాగిన యానాములో సయితము ఇంటను బజారునను తెలుగు నిలిచినది గదా!

మన దేశపు రాజ్యాంగము మనకు ఫ్రెంచి రాజ్యాంగముకంటె ఉదారమైనది. 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకుల భాషను, విద్యాసంస్థలను కాపాడుచున్నవి. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఈ హక్కుల అమలుకై మన సంఘములు పోరాడవలసినదే. కాని అడుగువారు లేనిచోట హక్కు కాగితముపైననే యుండును. తెలుగు తరగతికి పిల్లలను పంపక, ఆ తరగతి మూతపడిన తరువాత వినతిపత్రములు వ్రాసిన ఫలమేమి? మన పిల్లల మెడలో కొయ్యముక్క కట్టువారెవ్వరును లేరు. "నలుగురిలో తెలుగు మాటలాడకురా" యని మనమే యన్నచో ఆ కొయ్యముక్కను మనమే కట్టినట్లు.

తంజావూరు కోటలో 17వ శతాబ్దమున విజయరాఘవనాయకుని కొలువునందు తెలుగు యక్షగానములు వెలసినవి. ఆ కోటను ప్రభుత్వము కాపాడగలదు. వ్రాతప్రతులను సరస్వతీమహలు కాపాడగలదు. చదువగల కన్నును, పలుకగల నోరును కాపాడుట మాత్రము ఇంటివారి పని. హోసూరులో నైనను, బళ్ళారిలో నైనను, బరంపురములో నైనను, షోలాపురములో నైనను, ప్రతి తెలుగు కుటుంబమును తన బిడ్డకు ఈ యేడు అక్షరములు దిద్దించునట్లు సంఘ శాఖలు పూనుకొనవలెను. లేనిచో రేపు మన పిల్లలు తాతల కోటలోనే టిక్కెట్టు కొని తిరుగు పరదేశులగుదురు.