గజ్జె కట్టిన కాళ్లు



గడచిన మహాశివరాత్రికి మేము నంద్యాల జిల్లాలోని యాగంటికి ఉమామహేశ్వర దర్శనార్థమై వెళ్లియుంటిమి. పుష్కరిణిలో స్నానము చేసి, బసవన్నకు మ్రొక్కి, మండపపు నీడను కూర్చుండియుండగా ఒక తల్లి తన కుమార్తెతో మా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. పిల్లకు పదునాలుగేండ్లు. మరునాటి సాయంకాలము తమ యూరి గుడిలో కూచిపూడి నాట్యము చేయవలసియున్నది. నెల దినములుగా మోకాటికి దిగువ ముందరి యెముకయందు నొప్పి. పిల్ల ఆ సంగతి దాచియుంచెను. మెట్లు దిగునప్పుడు కుంటగా తల్లి కనిపెట్టెను.

"అమ్మా! స్వామి యెదుట నాట్యము చేయించెదనని మ్రొక్కుకొంటిని. మానిన అపచారము గదా?" యని ఆమె మమ్మడిగెను.

ఈ ప్రశ్న ఆ యొక్క తల్లిది మాత్రమే కాదు. నేడు ఊరూర పిల్లలు నాట్యము నేర్చుచున్నారు. అది సంతోషింపదగినదే. కాని నర్తకి కాలికి గాయము ఎట్లు కలుగునో తెలిసిన తల్లులు అరుదు. జారిపడిననే గాయమని మనము తలంతుము. పాశ్చాత్యుల బాలే నర్తకులను పరీక్షించిన వైద్యులు కనుగొన్నది వేరు. వారి గాయములలో అధికభాగము కాళ్లకే, అందును పెక్కు ఒక్క దెబ్బచే గాక, మరల మరల పడిన చిన్న దెబ్బలచే కలుగుచున్నవి. యాగంటి బసవన్న పెరుగుచున్నాడని భక్తుల నమ్మకము. పెరుగుట మాత్రము ఎవరి కంటను పడదు. ఇట్టి గాయమును అట్లే పెరుగును.

ఎముక సజీవమైనది. అడుగు మోపిన ప్రతిసారి అందు కలిగెడు సూక్ష్మమైన నలుగుడును విశ్రాంతికాలమున అది తానే బాగుచేసికొనును. ఉత్సవము దాపురించినదని గంట సాధనను ఒక్కసారిగా మూడు గంటలు చేసిన, బాగుచేసికొను వ్యవధి చాలక సన్నని బీట పుట్టును. ఇది మొదటి కారణము.

రెండవది నేల. బాలే శాలలలో అడుగున కొంత సాగుడుగల కొయ్యనేల వేయుదురు. మన పిల్లలో, పాదరక్షలు లేక, ఈ సీమ యిండ్లలోని బేతంచర్ల నాపరాతి బండలపై తట్టడవులు వేయుదురు. బండ దెబ్బను తాను మ్రింగదు; కాలికే తిరిగి యిచ్చును.

మూడవది అరమండి. మోకాళ్లు ప్రక్కలకు తిరుగుట తుంటికీలునుండి రావలెను. తుంటి తిరుగనంత పాదములను బలవంతముగా త్రిప్పిన, ఆ మెలి మోకాటిపై పడును. పూర్వపు గాయము పూర్తిగా మానకముందే గజ్జె కట్టుట నాలుగవది.

ఐదవది ముఖ్యముగా స్త్రీలమైన మనము గ్రహింపవలసినది: ఆహారము. సన్నముగా కనబడవలెనని పిల్లలు అన్నము తగ్గించుదురు. శ్రమకు తగిన తిండి లేనిచో శరీరము ముందుగా ఋతుక్రమమును ఆపును; పిమ్మట ఎముక బలము క్షీణించును. 1986 లో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో ప్రకటింపబడిన పరిశీలనమున 75 గురు బాలే నర్తకులలో 46 గురికి ఎముకలు విరిగినట్లు తేలెను. రజస్వల యగుట ఆలస్యమైనకొలది ఈ విరుగుళ్లు హెచ్చుచుండెను. కావున నాట్యమాడు పిల్లకు నెలసరి మూడు మాసములు తప్పినచో అది సిగ్గుపడి దాచవలసినది కాదు; వైద్యురాలికి చెప్పవలసినది. రాగిసంకటి, పప్పు, పాలు, నువ్వులు, చెనిక్కాయలు ఆమెకు కడుపునిండ పెట్టుడు.

నొప్పి ఒక్క వ్రేలితో చూపదగిన చోటనే యుండి, నొక్కిన హెచ్చి, రాత్రి విశ్రాంతిలోను బాధించునేని నాట్యము ఆపవలెను. నూనె మర్దించి, మాత్ర మ్రింగించి మరల ఆడించుట ప్రమాదము. తొలిదినములలో ఎక్స్‌రే పటమున బీట కనబడకపోవచ్చును. పటము బాగున్నదని నొప్పిని త్రోసిపుచ్చరాదు.

ఇక ఆ తల్లికి మేము చెప్పినది: "మ్రొక్కు నాట్యమునకు గాని, కాలు విరుచుకొనుటకు గాదు. పూర్వము మన దేశమున నర్తకీమణులు కూర్చుండియే పదములకు అభినయించెడివారు. నీ బిడ్డయు కూర్చుండి చేతులతోను కన్నులతోను స్వామిని కొలుచుగాక." పిల్ల కన్నీరు పెట్టుకొనెను. అరంగమంతయు తనను చూచి నవ్వుననెను. తల్లి చాలసేపు పలుకలేదు.

నెల గడచిన పిమ్మట ఆమెయొద్దనుండి జాబు వచ్చినది. పిల్ల కూర్చుండియే ఒక పదము అభినయించెనట. పిమ్మట వైద్యుడు ఎముకలో బీట ప్రారంభమైనదని చెప్పి, ఎనిమిది వారములు గజ్జె కట్టరాదనెను. "అమ్మాయి నాతో ఇంకను సరిగా మాటలాడుట లేదు. కాని కుంటక నడుచుచున్నది" అని ఆమె వ్రాసినది.

మీ యింట గజ్జెల చప్పుడున్నచో, ఈ రాత్రి పిల్లను ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఎక్కడనైన నొప్పి యున్నదా యని అడుగుడు. ఆట మాన్పింపరని నమ్మకము కలిగిననే ఆమె నిజము చెప్పును.