పెరటి తోట: విత్తనం కట్టని పువ్వు

వానలు వెనకపట్టి, పొద్దుటి పూట కాస్త చల్లగాలి తిరిగిందంటే పెరట్లో పాత దుబ్బులు విడదీసే కాలం వచ్చినట్టే. ఈ నెల డే లిల్లీ గురించి చెప్పుకుందాము.

ముందు పేరు సంగతి. మన అంగట్లో లిల్లీ పూలంటే దండల్లో గుచ్చే నేలసంపెంగ. ఈస్టరుకు బలిపీఠం మీద పెట్టే తెల్ల లిల్లీ ఇంకొకటి, దానికి ఉల్లిగడ్డ వంటి గడ్డ ఉంటుంది. డే లిల్లీ ఈ రెండూ కాదు. దీనికి ఉల్లి వంటి గడ్డ ఉండదు. పిల్లితేగల్లా లావుపాటి వేర్లు, పొడుగాటి సన్నని ఆకులు, పైన నారింజరంగు పువ్వు. దీని పుట్టిల్లు చైనా, జపాను వైపు. 16వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. 1753లో లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు దీని జాతికి హెమెరోకాలిస్ అని పేరుపెట్టాడు. గ్రీకు భాషలో ‘ఒక్క దినపు అందం’ అని అర్థం. పొద్దున విచ్చిన పువ్వు రాత్రికి వాడిపోతుంది. కానీ ఒక్కొక్క కాడకు చాలా మొగ్గలుంటాయి గనుక నేడు ఒకటి, రేపు ఒకటి పూస్తూనే ఉంటుంది. మందిరానికి పూలు తెచ్చే స్త్రీల సమాజం వారు విడి పువ్వులు కోయవద్దు. శనివారం సాయంత్రం బాగా ఉబ్బిన మొగ్గలున్న కాడనే కోసి నీళ్లలో పెడితే ఆదివారం ఆరాధన వేళకు విచ్చుకుంటాయి.

నర్సరీలో కొనేటప్పుడు ఏడాది పొడుగునా ఆకు నిలిచే రకం అడగండి. చలికి ఆకు రాల్చి నిద్రపోయే రకాలకు మన చలి చాలదు.

మూడు నాలుగేండ్లకు దుబ్బు ఇరుకై పూత తగ్గుతుంది. అప్పుడు విడదీయాలి. ముసురు వానల్లో ఈ పని పెట్టుకోవద్దు. తెగిన చోట తడి, ఉక్క కలిస్తే మొదలు కుళ్లిపోతుంది. ఎండాకాలం అసలే వద్దు. నస్పూర్, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, లేత వేరు తట్టుకోలేదు. అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలం.

ముందు రోజు నీళ్లు పెట్టండి. మర్నాడు దుబ్బు చుట్టూ జానెడు దూరంలో గడ్డపార దించి, దుబ్బంతా ఒక్కసారే పైకి లేపండి. మట్టి దులిపి వేర్లు కడిగితే పిలకలు విడివిడిగా కనబడతాయి. చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పితే ఊడివస్తాయి. రాకపోతే శుభ్రమైన కత్తితో కోయండి. రెండు మూడు పిలకలు కలిపి ఒక మొక్కగా ఉంచితే త్వరగా పూస్తుంది. ఒంటి పిలకైనా బతుకుతుంది, పూతకు మాత్రం ఎక్కువ రోజులు ఆగాలి. ఆకును జానెడు ఉంచి కత్తిరించి, కుళ్లిన వేర్లు తీసేసి, ఒక రోజు నీడలో ఆరబెట్టండి.

అడుగు లోతు గుంట తీసి, రెండు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. రేగడి నేలైతే ఇసుక కూడా కలపాలి, నీరు నిలవకూడదు. గుంట నడుమ మట్టి కుప్పచేసి దాని మీద వేర్లను గొడుగులా పరచండి. ఆకు, వేరు కలిసేచోటు నేలకు అంగుళం లోపల ఉంటే చాలు. అంతకంటే లోతైతే పూత రాదు. మొక్కకు మొక్కకు మూరెడు ఎడం ఉంచండి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడే తూర్పు దిక్కు మంచిది. కొత్త ఆకు వచ్చేదాకా మట్టి ఆరినప్పుడల్లా తడపండి. కొన్ని రకాల్లో పూల కాడ మీదనే చిన్న పిలక మొలుస్తుంది. దాన్ని కాడ ముక్కతో సహా కోసి తడి ఇసుకలో పెడితే వేరు పోసుకుంటుంది.

ఒక హెచ్చరిక. చైనాలో డే లిల్లీ మొగ్గలు వండుకుంటారు. అది విని లిల్లీ అని పేరున్న ప్రతిదీ తినదగినదని అనుకోవద్దు. వానకాలం మన అడవుల్లో ఎరుపు, పసుపు కలిసి మంటలా పూసే అడవినాభి దుంప ప్రాణం తీసే విషం. పిల్లలకు చూపించి చెప్పండి. పిల్లిని పెంచుకునే ఇంట డే లిల్లీ కూడా వద్దు. దాన్ని తింటే పిల్లికి కిడ్నీలు పాడవుతాయి.

ఇక అసలు సంగతికి వద్దాము. ఈ పాత నారింజరంగు డే లిల్లీ మామూలుగా విత్తనం కట్టదు. అరటిలాగే దీని కణాల్లో ఒక్కో రకం క్రోమోజోము రెండుకు బదులు మూడేసి ఉండటమే కారణం. న్యూయార్కు వృక్షోద్యానంలో స్టౌట్ అనే శాస్త్రవేత్త ఈ మొక్క ఎందుకు విత్తనం కట్టదో తెలుసుకోవడానికి ఏండ్ల తరబడి పనిచేసి, 1934లో డే లిల్లీల మీద పుస్తకమే రాశాడు. విత్తనం లేని ఈ మొక్క చైనా నుండి ఐరోపాకు, అక్కడి నుండి అమెరికాకు చేరి, ఊరూరా బాటల పక్కన పూస్తున్నది. ఎట్లా? ఒకరి పెరట్లో దుబ్బు విడదీసి మరొకరి చేతికి ఇచ్చారు గనుక.

మన సంఘాల్లో బిడ్డలు లేని అక్కచెల్లెళ్లున్నారు. తొట్టెల పండుగకు పిలవకపోవడం, ఎదురొస్తే మొగం తిప్పుకోవడం ప్రార్థన చేసే ఇండ్లలో కూడా జరుగుతున్నది. దీన్ని మనం దిద్దుకోవాలి. యెషయా 56వ అధ్యాయములో బిడ్డలు కలిగే ఆశ లేనివారికి, బిడ్డల వల్ల నిలిచే పేరు కంటే మేలైన పేరు తన మందిరములో ఇస్తానని దేవుడు మాట ఇచ్చాడు. దేవుడు లోపలికి పిలిచినవారిని వాకిట్లో నిలబెట్టడానికి మనమెవరము? సండే స్కూల్లో వాక్యం నేర్పిన అక్క, పరీక్ష ఫీజు కట్టిన పెద్దమ్మ, రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చున్న చెల్లె ఎన్ని ఇండ్లలో పూస్తున్నారో లెక్కపెట్టి చూడండి.

సింగరేణి క్వార్టర్లలో ఉండే కుటుంబాలు రిటైరైన తరువాత ఇల్లు ఖాళీ చేసి సొంత ఊరికి పోవాలి. పెంచిన మామిడిచెట్టును వెంట తీసుకుపోలేరు. డే లిల్లీ పిలకలు నాలుగు గోనెసంచిలో చుట్టుకుపోవచ్చు. నీడలో ఉంచితే వారం రోజులైనా చావవు. మిగిలినవి పక్కింటికి ఇచ్చి పోండి.

ఈసారి కోత పండుగకు ధాన్యం, గుమ్మడికాయలతో పాటు రెండు పిలకలు కూడా కానుకగా తెండి. వేలంలో ఎవరు పాడుకున్నా, వచ్చే ఏటికి ఇంకో పెరట్లో పూస్తుంది. మొదటి పిలక మాత్రం, ఇన్నాళ్లు మీరు పండుగకు పిలవని ఇంటికి మీరే తీసుకుపోయి ఇవ్వండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.