సాగునీటి నియంత్రికలో సీరియల్ మాడ్యూల్: అమరికల పత్రం రైతుకు అందాలి

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న కంగ్టి మండలంలో పత్తి, కంది, సోయాచిక్కుడు, పెసర, మినుము ప్రధానంగా వానపైనే ఆధారపడిన పంటలు. సింగూరు నుండి నీటిని నారాయణఖేడ్ ప్రాంతానికి ఎత్తిపోసేందుకు ఉద్దేశించిన బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరి 21న శంకుస్థాపన జరిగింది. అది సాకారమయ్యే వరకు బోరుబావే ఇక్కడి రైతుకు దిక్కు. కనుక మోటారును ఎప్పుడు నడపాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నేటికీ కీలకమైన ప్రశ్న.

2018 జనవరి 1 నుండి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు అమలులోకి వచ్చినపుడు, ఆటో స్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరింది. కారణం సుస్పష్టం. ఆటో స్టార్టరుకు కరెంటు రావడం ఒక్కటే తెలుసు, నేలలోని తేమ సంగతి తెలియదు. దీనికి భిన్నంగా పీఎల్‌సీ అనే పారిశ్రామిక నియంత్రిక తేమ సెన్సారు, ప్రవాహ మాపకం, విద్యుత్ మీటరు చెప్పినది విని మోటారును నడపగలదు. ఆ వినికిడికి సాధనం సీరియల్ కమ్యూనికేషన్ మాడ్యూల్.

ఈ రంగంలో విరివిగా వాడే మోడ్‌బస్ విధానం 1979 నాటిది. ఆర్‌ఎస్‌–485 తీగజతపై సుమారు 1200 మీటర్ల వరకు సమాచారం పంపవచ్చు కాబట్టి అది పొలానికి అనువైనది. అయితే నియంత్రికలోనూ పరికరాలలోనూ వేగం, పారిటీ, స్టాప్ బిట్లు ఒకే విధంగా ఉండాలి. ప్రతి పరికరానికి 1 నుండి 247 లోపు వేర్వేరు చిరునామా ఇవ్వాలి. కర్మాగారం నుండి వచ్చిన రెండు సెన్సార్లను ఒకే చిరునామాతో వదిలివేస్తే, రెండూ ఒకేసారి బదులిచ్చి సందేశం చెడిపోతుంది. తీగ రెండు కొసలలో 120 ఓముల నిరోధకాలు లేకపోతే సంకేతం ప్రతిఫలించి, పొడవైన లైన్లలో లోపాలు తలెత్తుతాయి.

ఈ దోషాలు సాధారణంగా మొదటి రోజే బయటపడతాయి. అంతకంటె ప్రమాదకరమైనవి బయటపడనివి. సెన్సారు పంపిన 253 అనే సంఖ్య 25.3 శాతమని నియంత్రికకు తెలియజేయాలి. ఎలుక తీగ కొరికి సంబంధం తెగినపుడు, తగిన ఏర్పాటు లేకుంటే నియంత్రిక చివరిసారి అందిన విలువనే పట్టుకొని ఉంటుంది. ఆ విలువ పొడి నేలను సూచించినదైతే మోటారు నడుస్తూనే ఉంటుంది. నీరు త్వరగా ఇంకని నల్లరేగడిలో కంది వేళ్లకు ఊపిరాడదు. విలువ తడి నేలదైతే, పూత, కాయ దశలో అందవలసిన తడి అందదు. తెరపై మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వినడం మానిన నియంత్రిక ఖరీదైన ఆటో స్టార్టరు మాత్రమే.

ఇది ఎలక్ట్రీషియన్ పని, విస్తరణ శాస్త్రవేత్తకు సంబంధం లేదు అనే వాదన ఉంది. తీగ బిగించడం వరకు ఆ వాదన సరైనదే. కాని సమాచారం ఆగినపుడు మోటారు ఆగాలా, నడవాలా, ఎంతసేపటికి హెచ్చరిక రావాలి అన్నవి నేలను, పంట దశను బట్టి తీసుకోవలసిన నిర్ణయాలు. వాటిని యంత్రం అమర్చే వ్యక్తికి వదిలివేయడం శాస్త్రీయం కాదు.

అందువలన ప్రదర్శన క్షేత్రాలలో ఇటువంటి వ్యవస్థను అప్పగించుకునే ముందు రెండు షరతులు తప్పనిసరి కావాలి. మొదటిది, చిరునామాలు, వేగం, పారిటీ, రిజిస్టరు సంఖ్యలు, గుణకాలతో కూడిన ఒక పుట పత్రాన్ని తెలుగులో రైతుకు అందించి, ప్రతిని నియంత్రిక పెట్టె లోపల అతికించాలి. రెండవది, రైతు సమక్షంలో సెన్సారు తీగను విప్పి, హెచ్చరిక వస్తున్నదో లేదో చూపించాలి. సంగారెడ్డి సమీపాన కందిలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి సంస్థలలో విద్యార్థుల చేత ఈ తీగ విప్పే పరీక్షను అభ్యాసం చేయించడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

అమర్చినవారు వెళ్లిపోయిన తరువాత కూడా ఆ యంత్రం కంగ్టి వంటి మారుమూల మండలంలో పనిచేయాలి. అమరికల వివరాలు గుత్తేదారు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతే, పూత దశలో చెడిన యంత్రం కోతల వరకు బాగుపడదు. వివరాలు రైతు చేతిలో ఉంటే ఏ మెకానిక్ అయినా దానిని సరిచేయగలడు.