పాస్ పర్సంటేజీ చూసి మురిసిపోదామా?



మే నెల వస్తే మన గ్రూపుల నిండా టెన్త్ రిజల్ట్సే. తెలంగాణలో 2019లో 92.43 శాతం పాసయిండ్రు, 2025లో 92.78 శాతం. చూస్తే నిలకడగానే ఉంది. కానీ మధ్యలో పరీక్షే మారిపోయింది. 2019లో 11 పేపర్లు. 2020, 2021లో కరోనాతో పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేసిండ్రు. 2022 నుంచి 6 పేపర్లే. కొలబద్ద మారినంక ఎత్తు పెరిగిందో లేదో ఎట్ల చెప్తాం?

కొలబద్ద మారని లెక్క ఒకటుంది, అసర్ సర్వే. ఇంటికి పోయి పిల్లల చేత రెండో తరగతి స్థాయి కథ చదివిస్తరు. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినోళ్లు 2018లో 27.3 శాతం, 2022లో 20.5, 2024లో 27.1. అంటే ఆరేండ్లు గడిచినా మళ్లీ మొదటికే వచ్చినం.

అయితే అసర్ ఊళ్లల్లోనే తిరుగుతది. తండా విడిచి ఉప్పల్, నాచారం వచ్చి కిరాయి రూముల్లో ఉంటున్న మన పిల్లలు ఆ లెక్కలో లేరు. ఊరి లెక్కలోంచి పోయిండ్రు, పట్నంలో లెక్కపెట్టేటోళ్లు లేరు.

మొన్న నాచారంలో మా బంధువుల పాపకు నాలుగు లైన్ల కథ ఇచ్చిన. నాలుగో తరగతి. ప్రోగ్రెస్ కార్డుల 'ఎ' గ్రేడ్ ఉంది. రెండో లైన్ కాడ ఆగిపోయి తల దించుకుంది. ఇంట్ల మాట్లాడేది గోర్ బోలి, బడిల ఇంగ్లీష్ మీడియం, బయట తెలుగు. తప్పు ఆ పాపది కాదు. వాళ్ల నాన్న ఇండస్ట్రియల్ ఏరియాల షిఫ్టు చేసి వచ్చి ఆ 'ఎ' చూసి నిమ్మలంగ నిద్రపోతుండు. నాకు బాధయింది అక్కడే.

రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది, 2022లో సాధించుకున్నం. మంచిదే. కానీ సీటు దాకా నడిచి రావాలంటే మూడో తరగతిలోనే చదువు రావాలె కదా.

అందుకే నా మాట ఒక్కటే. ఉప్పల్, నాచారం, హబ్సిగూడలో ఉన్న మన డిగ్రీ, పీజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆదివారం ఒక గంట ఇయ్యండి. మీ గల్లీల మనోళ్ల పిల్లలతోని ఒక కథ చదివించండి, ఒక తీసివేత చేయించండి. రాసి పెట్టుకోండి. ఆరు నెలలకు అదే స్థాయిది మళ్లీ ఇయ్యండి. అప్పుడు తెలుస్తది మన పిల్లలు ముందుకు పోతున్నరా, ఉన్నకాడనే ఉన్నరా అని.

ఎవరెవరు వస్తరో కింద రాయండి.