ఉరితో ఆగిన విచారణ

ఇరాక్ మాజీ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను 2006 డిసెంబరు 30న తెల్లవారుజామున బాగ్దాద్‌లో ఉరితీశారు. అక్కడి సున్నీలకు ఆ రోజే బక్రీద్. 1982లో దుజైల్‌కు చెందిన 148 మంది షియాలను చంపించిన నేరానికి పడిన శిక్ష అది. అప్పీలు కొట్టేసిన నాలుగో రోజుకే అమలైంది. ఉరికంబం మీద ఉన్న మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు దెప్పిపొడుస్తుండగా సెల్‌ఫోన్‌లో తీసిన దృశ్యాలను లోకమంతా చూసింది. ప్రభుత్వం అమలు చేయాల్సిన శిక్ష పగ తీర్చుకున్నట్టు కనిపించింది.

సద్దాం నిర్దోషి అని మేము అనడం లేదు. ఆయన చేతికంటిన నెత్తురు తక్కువేమీ కాదు. అందుకే ఈ తొందర మరింత బాధిస్తోంది. 1988లో సద్దాం ప్రభుత్వం సాగించిన అన్ఫాల్ దాడుల్లో వేలాదిగా కుర్దులు హతమయ్యారు. ఆ కేసు విచారణ అప్పటికింకా సాగుతూనే ఉంది. అయినవాళ్లను పోగొట్టుకున్నవారు ఆ నియంత ఎదుట నిలబడి సాక్ష్యం చెబుతున్నారు. తీర్పు దాకా ఆయనను బోనులో నిలబెట్టి ఉంచాల్సింది. కుర్దు నేత, నాటి అధ్యక్షుడు జలాల్ తలబానీ స్వయంగా మరణశిక్షకు వ్యతిరేకి. అయినా ఉరి ఆగలేదు. 2007 జనవరిలో కోర్టు సద్దాంపై అన్ఫాల్ అభియోగాలను ఎత్తివేసింది. ఆ కేసులో ఆయన దోషి అన్న తీర్పు కుర్దులకు ఎన్నటికీ దక్కలేదు.